కొండ వాటా

ప్లానింగ్ గది, కింది విమానాశ్రయం
జూలై 14

చిన్నోడికి అక్క ఆశీస్సులు.

కుట్లు మానాయని, మళ్ళీ డ్యూటీలో చేరావని సామాన్లవాళ్ళు చెప్తే తెలిసింది. నువ్వు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. తీసింది అపెండిక్స్ కదరా, చేతివేళ్ళు కాదు కదా! బావ అయితే, "వాడిలో పనికిరానిదంతా కోసేశారట, ఇక ఏం మిగిలిందో వెళ్ళి చూడాలి" అని ఒకటే నవ్వు. ఆయన వేళాకోళం నీకు తెలిసిందే.

ఫోన్‌లో మాట్లాడదామంటే కంపెనీకి ఉన్నది ఒక్క లైను. మనం బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేలోపు కంట్రోల్ గది, మేనేజరు, సామాన్ల షెడ్డు అంతా రిసీవర్లెత్తి వింటారు. అందుకే మనకు ఈ కంపెనీ సంచీయే గతి. మా విమానం పది కొట్టగానే లేస్తుంది, చూసి గడియారం సరిపెట్టుకోవచ్చు. పదకొండు లోపు ఉత్తరం నీ చేతిలో. ఇదే పోస్టులో వేస్తే పదకొండు గంటల కొండదారి, మధ్యలో రెండు ఊళ్ళలో బస్సు మారడం, అన్నీ అయ్యి నీకు చేరేసరికి వారం.

ఇక అసలు సంగతి. మన రూటు లెక్కలన్నీ మళ్ళీ చూడమని మేనేజరు నాకు అప్పగించాడు. ఇక్కడి నుంచి మీ కొండమీదికి తిన్నగా రెండువందల పన్నెండు కిలోమీటర్లు. టైమ్‌టేబుల్ ప్రకారం యాభై నిమిషాలు. నిజంగా ఎంత పడుతోందో చూసి, విమానంలో ఎంత ఇంధనం పోయాలో కొత్త పట్టిక వేయాలి. లేచిన టైము ఇక్కడ టవర్‌వాళ్ళు రాస్తారు, దిగిన టైము అక్కడ నువ్వు రాస్తావు. కాబట్టి నీ రాకపోకల రిజిస్టరు నకలు నెలనెలా పంపు.

మీ తాబేలు కెప్టెన్ ఎలా ఉన్నాడు? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఇంకా చుట్టు తిరిగే వస్తున్నాడా?

బరువులెత్తకు.

అక్క


కొండమీది స్టేషన్
జూలై 19

అక్కకి నమస్కారాలు.

తిట్టావు కాబట్టి రాస్తున్నా. తిట్టకపోయినా రాసేవాణ్ణే, నువ్వు నమ్మవు గానీ. కుట్లు బాగానే మానాయి, నవ్వితే మాత్రం లాగుతాయి. కాబట్టి బావ జోకులు కొన్నాళ్ళు పంపకు.

నువ్వు మా స్టేషన్ ఎప్పుడూ చూడలేదు కదా. రేకుల కప్పు వేసిన ఒకే గది. ఒక బల్ల, తూకం మిషను, గోడ గడియారం, రెండు పొడుగు బెంచీలు. తొమ్మిదికల్లా ప్రయాణికులు వచ్చి కూర్చుంటారు. సామాన్లు తూచి చీటీలు కట్టేశాక నాకు పనుండదు. విమానం వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుని నీకు ఉత్తరం రాయడమే. అది దిగితే ఆపేస్తా, తిరుగు సంచీలో పడేస్తా.

కెప్టెన్‌గారిని తాబేలనకు. మిగతా ఇద్దరూ రెండు శిఖరాల మధ్య సందులోంచి తిన్నగా దూసుకొస్తారు. ఆ సందు దాటాక గాలి సుడి తిరుగుతుంది, విమానం మెట్టు దిగినట్టు జారుతుంది, పిల్లలు కెవ్వుమంటారు. ఈయన కొండ చుట్టి వాగు మీదుగా వస్తారు. ఏడెనిమిది నిమిషాలు ఎక్కువ పడుతుంది. "నిదానమే ప్రధానమయ్యా" అంటారు. నాకు నొప్పొచ్చిన రోజు స్ట్రెచర్ దొరికేదాకా ఇంజిన్ ఆపుకుని ఇరవై నిమిషాలు నా కోసం కూర్చున్న మనిషి. ఇంకాస్త ఆలస్యమైతే లోపలే పగిలేదని డాక్టరు చెప్పాడు.

ఈ నెల మొదటి తారీకు నుంచి కంపెనీ కొత్త రూలు పెట్టింది, నీకూ తెలిసే ఉంటుంది. ఐదు నిమిషాలు దాటితే ఆలస్యం కింద రాస్తారు. మూడు ఆలస్యాలకు సంజాయిషీ. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని సంజాయిషీ అడిగారంటే దాని వెనకే ఇంటికి పంపే కాగితం వస్తుంది. నేను సెలవులో ఉన్న మొదటి వారంలోనే ఆయన పేరు మీద రెండు పడ్డాయి. నా బదులు కూర్చున్నవాడికి జాలి లేదు.

అదిగో చప్పుడు. వాగు వైపు నుంచి, అంటే ఆయనే. దిగారు, పదీ యాభై ఎనిమిది. ఆపుతున్నా.

నీ తమ్ముడు


ప్లానింగ్ గది
సెప్టెంబర్ 30

చిన్నోడా,

ఈ ఉత్తరం కాస్త గొప్పలతో నిండి ఉంటుంది, ఓపిగ్గా చదువు.

నీ రిజిస్టరు నకళ్ళు మూడు నెలలవీ ముందేసుకుని కూర్చున్నాను. రాత ముత్యాలేరా, చిన్నప్పుడు నీ వేళ్ళ మీద కొట్టిన దెబ్బలు ఊరికే పోలేదు. జూలై రెండో వారం నుంచి ఇప్పటిదాకా ఒక్క ఆలస్యం లేదు. మీ కెప్టెన్‌కి కూడా నలభై తొమ్మిది, యాభై, మహా అయితే యాభై ఒకటి. రెండు చీవాట్లు పడేసరికి తాబేలు కుందేలైపోయిందన్నమాట!

పాత పట్టికలో మీ రూటుకు పదిహేను నిమిషాల ఇంధనం అదనంగా పోయిస్తున్నారు. మా గదిలో దాన్ని 'కొండ వాటా' అంటారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పేవాళ్ళు లేరు. వెళ్ళడానికి యాభై నిమిషాలది, పైన దిగలేకపోతే తిరిగి రావడానికి ఇంకో యాభైది, ఆ పైన రూలు ప్రకారం నలభై ఐదుది ఎలాగూ ఉంటుంది. మరి ఈ కొండ వాటా ఎవరికి? ఆ బరువు దింపితే ఒక మనిషి ఎక్కొచ్చు, పదిహేడు సీట్లు అమ్మే చోట పద్దెనిమిది. అది తీసేయమని నేనే కాగితం పెట్టాను. మేనేజరు రెండుసార్లు చదివి, "పదేళ్ళుగా ఎవరికీ తట్టలేదేమమ్మా" అన్నాడు. సీనియర్ ప్లానర్ కుర్చీ ఖాళీ అవుతోందని కూడా అన్నాడు. నేను విననట్టు నటించాను.

దీనికంతా ఆధారం నీ రిజిస్టరే. జీతం వస్తే బావచేత నీకొక మంచి చలికోటు కొనిపిస్తాను.

అక్క


కొండమీది స్టేషన్
అక్టోబర్ 6

అక్కా,

నీ కబురు చదివి సంతోషమేసింది. కుర్చీ నీకే రావాలి.

కానీ ఆ కొండ వాటా ఇప్పుడే తీయాలా? నా నకళ్ళన్నీ వానాకాలంవి. మంచు పడేప్పుడు ఎలా ఉంటుందో ఒక్క చలికాలం చూసి తీయొచ్చు కదా. పదేళ్ళుగా ఉన్నది ఇంకో నాలుగు నెలలుంటే ఏం పోయింది? పాతవాళ్ళు ఊరికే పెట్టి ఉండరు. ఇది నాకు తోచిన మాట, అంతే. నీ లెక్కలో తప్పుందని కాదు.

ఇక్కడ బెంచీ కాలు విరిగింది, ఇటుకలు పెట్టి నిలబెట్టాను. దాని మీద కూర్చున్న పెద్దావిడ "ఇదే ఇట్లా ఉంటే మీ విమానమెట్లా ఉంటది నాయనా" అంది. నేను ఇంకో ఇటుక దూర్చాను.

కోటు వద్దులే అక్కా, ఉన్నది బాగానే ఉంది.

వచ్చేశారు. పదీ యాభై ఏడు.

తమ్ముడు


ప్లానింగ్ గది
అక్టోబర్ 24

తమ్ముడికి,

పట్టిక మంజూరైంది. నవంబర్ ఒకటి నుంచి అమలు.

నువ్వు రాసిన దాని గురించి ఒక మాట. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నడిపే కెప్టెన్లు ముగ్గురూ కిక్కురుమనలేదు, సామాన్లు తూచే నీకెందుకురా భయం? మూడు నెలల లెక్క ఉంది నా దగ్గర. "నాకు తోచింది" అంటే పట్టిక మారదు. నీ దగ్గర వేరే లెక్క ఏదైనా ఉంటే చెప్పు, చూస్తాను. లేకపోతే ఇక ఈ మాట వదిలెయ్.

కోపంతో రాయడంలేదు. పని ఎక్కువగా ఉంది.

అక్క


కొండమీది స్టేషన్
నవంబర్ 12

అక్కా,

ఈ ఉత్తరం ఈ రోజు రాదని తెలుసు, సంచీ తీసుకెళ్ళే విమానం దిగనే లేదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

పొద్దున పది దాకా శుభ్రంగా ఉంది. కింది నుంచి లేచారని కబురొచ్చాక వాగులోంచి మంచు లేచింది. పావుగంటలో రన్‌వే అవతలి చివర కనబడలేదు, అరగంటకు ఇవతలిదీ పోయింది. పదీ యాభై ఏడుకి నెత్తి మీద చప్పుడు వినిపించింది. విమానం కనబడదు, చప్పుడొక్కటే గుండ్రంగా తిరుగుతోంది. బెంచీల మీద జనమంతా లేచి నిలబడ్డారు. ఒకావిడ భర్త అందులో ఉన్నాడు, నా చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పన్నెండు నిమిషాలు తిరిగి వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత గంటపైన నేను ఏం చేశానో నాకు తెలియదు. కొండ వాటా లేదని నాకు తెలుసు కదా. ఎదురుగాలిలో వెళ్ళి పన్నెండూ పద్నాలుగుకి దిగారని ఫోన్ వస్తే, ఆవిడకు చెప్పి, తూకం మిషను మీద కూర్చుండిపోయాను.

అందరూ క్షేమమేనా? కెప్టెన్‌గారు ఎలా ఉన్నారు? నువ్వెలా ఉన్నావు?

తమ్ముడు


ప్లానింగ్ గది
నవంబర్ 14

తమ్ముడికి,

అందరూ క్షేమం. నీ ఉత్తరం ఈ రోజు అందింది.

దిగాక మెకానిక్ ట్యాంకులో కర్ర ముంచి చూశాడు. పదకొండు నిమిషాలకు సరిపడా ఉంది. పద్దెనిమిది మంది ప్రయాణికులు, ఇద్దరు సిబ్బంది, పదకొండు నిమిషాలు. మెకానిక్ ఆ కర్ర కడగకుండా అలాగే తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత కెప్టెన్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, "కొండ వాటా ఎవరు తీశారమ్మా?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. నేనేమీ చెప్పలేకపోయాను.

ఆయన్ను డ్యూటీలోంచి దింపేశారు. బయటి నుంచి విచారణ ఆఫీసరు వచ్చాడు. వాళ్ళ మాట ఏమిటంటే, నాలుగు నెలలుగా ఇదే మనిషి యాభై నిమిషాల్లో వెళ్తున్నాడు, ఆ రోజు మాత్రం యాభై ఏడు ఎందుకు పట్టింది? ఎక్కడో దారి తప్పాడు, వయసైపోయింది, ఆ ఏడు నిమిషాలూ దారిలో పారేసుకుని ఇరవై మంది ప్రాణాల మీదికి తెచ్చాడు. "నాకు ఎప్పుడూ అంతే పడుతుంది" అని ఆయన మొత్తుకుంటున్నాడు. ఆయన రాసుకునే పుస్తకంలో ఇంజిన్ వెలిగించిన దగ్గర్నుంచి ఆపేదాకా ఉంటుంది, నేల మీద తిరిగినదీ అందులో కలుస్తుంది, కాబట్టి అది పనికిరాదన్నారు. పనికొచ్చేది నీ రిజిస్టరొక్కటే. లైసెన్సు తీసేస్తారని అందరూ అనుకుంటున్నారు.

చిన్నోడా, నిన్ను ఒకటే అడుగుతున్నాను. నీళ్ళు నమలకుండా చెప్పు. ఆయనకు నిజంగా ఎంత పడుతుంది?

అక్క


కొండమీది స్టేషన్
నవంబర్ 17

అక్కా,

యాభై ఏడు. ఒక్కోసారి యాభై ఎనిమిది.

ఎవరూ అడగలేదు, ఆయనకూ తెలియదు. డ్యూటీలో చేరిన రెండో రోజు నా చేత్తో మూడో ఆలస్యం రాయాల్సి వచ్చింది. కలం కాగితం మీద పెట్టి, నా కోసం ఇరవై నిమిషాలు ఆగిన మనిషిని నేను ఎనిమిది నిమిషాలకు ఇంటికి పంపాలా అనిపించింది. పదీ యాభై అని రాశాను. ఆ రోజు ఏమీ కాలేదు. రెండోసారి ఆలోచించలేదు కూడా. ఎనిమిది నిమిషాలతో ఎవరికేం నష్టమనుకున్నాను. నీ పట్టికకు అదే పునాది అవుతుందని నాకు తట్టనే లేదు. నువ్వు రాశాక తట్టింది. చెబుదామని మొదలుపెట్టి, బెంచీ కాలు గురించి రాసి ముగించాను.

ఆయన్ని కాపాడదామని చేసిందే ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకుంది. కొరివితో తల గోక్కున్నాను, నా తల కాదు, ఆయన తల.

అక్కా, ఎవరికీ చెప్పకు. నీకు దండం పెడతాను. రిజిస్టరు దిద్దినవాడికి ఏ కంపెనీలోనూ పని దొరకదు. వేరే దారి ఏదైనా చూడు. నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి చూసేదానివి కదా, ఇదీ చూడు.

తమ్ముడు


ప్లానింగ్ గది
నవంబర్ 23, సోమవారం

తమ్ముడికి,

ఐదు రోజులు ఆలోచించాను. వేరే దారి లేదు.

ఉత్తరాలు దాచే రేకు డబ్బా తీశాను. జూలై నుంచి నువ్వు రాసినవి ముప్ఫై ఒకటున్నాయి. దాదాపు ప్రతిదాని చివరా విమానం దిగిన టైము రాశావు. మీ కెప్టెన్ వచ్చిన రోజుల్లో పదీ యాభై ఎనిమిది, పదీ యాభై ఏడు, పదీ యాభై ఆరు. అదే తారీకున రిజిస్టరులో పదీ యాభై, పదీ నలభై తొమ్మిది. కంపెనీకి అబద్ధం రాసి, అరగంట తిరక్కుండా నాకు నిజం రాశావు. మొదటి ఉత్తరంలోనే రాశావు, నేనే చూడలేదు. లెక్కలు చూడ్డం నా ఉద్యోగం.

విచారణ ఈ శుక్రవారం. నువ్వు నీ అంతట నువ్వే ఆఫీసరుకు రాసిస్తే, మందలించి వేరే చోటికి బదిలీ చేసి వదిలేస్తారు. కనుక్కున్నాను, అదే రూలు. వేరేవాళ్ళు బయటపెడితే ఉద్యోగం పోతుంది. కాబట్టి నీ చేత్తో నువ్వే రాయి. గురువారం సాయంత్రం లోపు నాకు అందాలి. అందకపోతే ఈ ముప్ఫై ఒక్క ఉత్తరాలూ నేనే తీసుకెళ్ళి ఆఫీసరు బల్ల మీద పెడతాను.

ఆ పెద్దాయన రోజూ వచ్చి మా వరండాలో కూర్చుంటున్నాడు. ఎవరూ రమ్మనలేదు. ఇంట్లో ఉండలేక వస్తున్నాడు.

నిన్ను పెంచింది నేను. ఇది చేయగలవనే అడుగుతున్నాను.

అక్క


కొండమీది స్టేషన్
నవంబర్ 24, మంగళవారం

అక్కా,

దీనితో పాటు ఉన్న పెద్ద కవరు విచారణ ఆఫీసరుగారికి. అంతా రాశాను, తారీకులతో, ఏ రోజు ఎన్ని నిమిషాలు కోశానో సహా. కింద సంతకం పెట్టాను. మూడు కాగితాలు పాడుచేశాక నాలుగోది కుదిరింది. రాసేశాక ఆకలేసింది, వారం తర్వాత మొదటిసారి.

పొద్దుటి నుంచి మంచు. ఈ రోజు విమానం రద్దని కబురొచ్చింది. కవరు సంచీలో వేసి మూతి కట్టాను. ఫోన్ చేసి నీకొక మాట చెబుదామని రిసీవరెత్తాను కూడా. కంట్రోల్ గది అతను "చెప్పండి" అన్నాడు, వెనక ఎవరో నవ్వుతున్నారు. నలుగురూ వింటుండగా నేను దొంగనని ఎలా చెప్పను? పెట్టేశాను. రేపు కాకపోతే ఎల్లుండి విమానం వస్తుంది. రాకపోయినా మంచు సంగతి నీకు తెలుసు, నా కోసం చూస్తావు.

కెప్టెన్‌గారితో మాట్లాడే ధైర్యం నాకు లేదు. ఆయన వరండాలో కనబడితే కాస్త టీ ఇప్పించు.

చిన్నోడు


ప్లానింగ్ గది
నవంబర్ 29, ఆదివారం

చిన్నోడా,

ఐదు రోజుల తర్వాత ఈ పూట విమానం దిగింది. సంచీ విప్పితే పైనే నీ కవరుంది.

నేను శుక్రవారమే ఇచ్చేశాను.

గురువారం సాయంత్రం దాకా చూశాను, ఏమీ రాలేదు. మర్నాడు పొద్దున విచారణ. ఆ పెద్దాయన లైసెన్సు ఆ పూటతో పోయేది. ఇక ఏం చేయను? ఉత్తరాలన్నీ ఇచ్చాను. ఆఫీసరు ఒక్కొక్కదాంట్లో తారీకూ టైమూ మాత్రం రిజిస్టరుతో సరిచూసి కళ్ళద్దాలు తీశాడు. కెప్టెన్ తప్పేమీ లేదని ఆ రోజే రాశారు. ఆ పెద్దాయనకు నీ మీద కోపం వచ్చిందో, జాలి వేసిందో తెలియలేదు, టోపీ తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఈ రోజు నీ కవరు పట్టుకుని ఆఫీసరు బస చేసిన చోటికి పరుగెత్తాను. మంగళవారమే రాశాడండీ, తారీకు చూడండి, మంచు వల్ల ఆగిపోయింది, ఇది తనంతట తాను ఒప్పుకున్నట్టే కదా అని బతిమాలాను. ఆయన కవరు అటూ ఇటూ తిప్పి, "బయలుదేరిన టైముతో మాకు పని లేదమ్మా, చేరిన టైమే రికార్డు" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. నన్ను క్షమించు. నా చేతిలో ఏమీ లేకపోయింది.

అక్క


కొండమీది ఊరు, అద్దె గది
డిసెంబర్ 27

అక్కకి,

ఉద్యోగం తీసేసిన కాగితం ఒకటో తారీకున వచ్చింది. సంచీలో ఉత్తరం వేసే హక్కు దానితోనే పోయింది, అందుకే ఇది పోస్టులో వస్తోంది. బజారులో ఇనుప సామాను కొట్లో కూర్చుంటున్నాను. మేకులు తూస్తాను. యజమాని మంచివాడే, అయినా చెప్పాల్సిందంతా ముందే చెప్పి చేరాను.

కెప్టెన్‌గారు వచ్చి వెళ్ళారు. విమానంలో కాదు, పదకొండు గంటలు బస్సులో కూర్చుని వచ్చారు. కొట్టు ముందు నిలబడి అందరూ చూస్తుండగా తిట్టారు. "నన్ను కాపాడమని ఎవడడిగాడురా నిన్ను? యాభై ఎనిమిదంటే యాభై ఎనిమిదే. ఇంటికి పంపితే పోయేవాణ్ణి, మొక్కలు పెంచుకునేవాణ్ణి. ఇరవై మందిని ఎక్కించుకుని చావబోయాను గదరా!" అన్నారు. నేను తలెత్తలేదు. తిట్టడం అయ్యాక నా గదికొచ్చి టీ తాగారు. కుట్లు పూర్తిగా మానాయా అని అడిగారు. అప్పుడు ఏడ్చాను.

నాకు శిక్ష పడటం న్యాయమే. దాని గురించి నీతో గొడవ లేదు. నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. నా చేతిలో ఏమీ లేకపోయిందని రాశావు.

ఆ ఐదు రోజులూ విమానాలు రద్దు చేసిన కాగితాలు ఆదివారం సంచీలో మా స్టేషన్‌కి వచ్చాయి అక్కా. ఐదింటి మీదా నీ సంతకమే. విమానం రాదని అందరికంటే ముందు తెలిసింది నీకు. సంచీ పైనే ఉండిపోయిందనీ నీకు తెలుసు. అందులో ఏమీ లేదని ఎలా అనుకున్నావు? విమానానికి రూలు ప్రకారం ముప్పావుగంట ఇంధనం ఎక్కువ పోస్తావు, ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి. నా మీద నీకు ఒక్క రోజుకు సరిపడా నమ్మకం కూడా మిగల్లేదా?

ఇంకొకటి. విచారణ కాగితాలు నాకూ ఒక నకలు వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. నా పేరు పదహారు చోట్ల ఉంది. కొండ వాటా తీసేయమన్నది నువ్వని ఒక్క చోటా లేదు, 'ప్లానింగ్ విభాగం' అని ఉంది. నన్ను పిలిచి అడిగినప్పుడు నేనూ చెప్పలేదు. చెప్పను కూడా. నువ్వు భయపడతావేమోనని రాస్తున్నాను.

బావకు నమస్కారాలు చెప్పు.

తమ్ముడు


ఇంటి నుంచి
ఫిబ్రవరి 8

చిన్నోడా,

నీ ఉత్తరం అంది నెల దాటింది. ఏడుసార్లు జవాబు రాసి చింపాను. బావ చూసి, వేళాకోళం ఆడకుండా, "నిజం రాస్తే ఒక్కసారే సరిపోతుందేమో చూడు" అన్నాడు.

నా చేతిలో ఏమీ లేకపోయిందని రాసింది అబద్ధం.

కెప్టెన్ వచ్చి కొండ వాటా ఎవరు తీశారని అడిగిన రోజు నేనేమీ చెప్పలేకపోయానని రాశాను. అదీ అబద్ధమే. "పై నుంచి వచ్చిందండీ" అన్నాను. టక్కున అన్నాను, తడుముకోకుండా. ఆయన నమ్మి, "పైవాళ్ళకేం తెలుసమ్మా" అని నన్నే ఓదార్చాడు.

ఇక గురువారం సంగతి. ఆ సాయంత్రం ఆఫీసరు మా గదికొచ్చాడు. విమానాలు నడవడం లేదు, స్టేషన్ మనిషి కిందికి రాలేడు, రిజిస్టరు రాసింది ఆయనే కాబట్టి ఆయన చెప్పేదీ వినాలి, విచారణ సోమవారానికి వాయిదా వేద్దామా అని అడిగాడు. కెప్టెన్‌కి మూడు రోజుల్లో కొత్తగా వచ్చే నష్టమేమీ లేదని కూడా ఆయనే అన్నాడు. అవసరం లేదండీ అన్నాను. నా దగ్గర అన్ని ఆధారాలూ ఉన్నాయి, రేపే ఇస్తాను అన్నాను. ఆదివారం విమానం దిగింది. సోమవారం అయ్యుంటే నీ కవరే ముందు చేరేది.

సంచీలో ఏమీ లేదని నేను అనుకోలేదు. ఉంటుందనే అనుకున్నాను. నిన్ను పెంచినదాన్ని, నువ్వు రాస్తావని నాకు తెలుసు. అదే నా భయం. నువ్వు ముందు ఒప్పుకుంటే, తప్పు టైములు రాసినవాడు దొరికాడు, మరి అవి చూసుకోకుండా పట్టిక వేసిందెవరని అడుగుతారు. నేను ముందు బయటపెడితే, తమ్ముడని కూడా చూడకుండా నిజం చెప్పిన మనిషినవుతాను. అలాగే అయ్యాను. సీనియర్ ప్లానర్ కుర్చీ జనవరిలో ఇచ్చారు. మేనేజరు అందరి ముందూ నా ధైర్యాన్ని మెచ్చుకున్నాడు, నేను తల వంచుకుంటే వినయమనుకున్నారు. కెప్టెన్ కోసం తొందరపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. కాదురా. నా కోసం తొందరపడ్డాను.

నా పేరు చెప్పనని రాశావే, ఆ ముక్క దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. ఒక మనిషిని అలా కాపాడే కదరా నువ్వు ఇంత పోగొట్టుకున్నావు. ఇంకొకసారి వద్దు.

నిన్న ఇదంతా కాగితం మీద పెట్టి ఆఫీసరు చేతికి నేనే ఇచ్చాను. కొండ వాటా తీయమని నేను పెట్టిన కాగితం నకలు జతచేశాను, వాయిదా వద్దన్నది కూడా రాశాను. ఆయన నిలబడే చదివాడు. నీ ఉద్యోగం తిరిగొస్తుందా అని అడిగితే మాట ఇవ్వలేనన్నాడు. కెప్టెన్ ఇంటికి వెళ్ళి ఆయనకూ చెప్పాను. తలుపు దగ్గరే విన్నాడు. లోపలికి రమ్మనలేదు. ఈ రోజు నుంచి నన్ను ప్లానింగ్ గదిలోకి రావద్దన్నారు, అందుకే ఇది ఇంటి నుంచి రాస్తున్నాను.

ఆ డిపార్ట్‌మెంటులో నేను చేసిన చివరి పని కొత్త పట్టిక. మీ రూటుకు ఇప్పుడు అరవై నిమిషాలు, కొండ వాటా పదిహేను. పదిహేడు సీట్లు.

నన్ను క్షమించమని అడగడంలేదు, అది అడిగి ఒకసారి అబద్ధం చెప్పాను. నువ్వు రాసినా రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను. నీ జవాబుకు మాత్రం ఈసారి గడువేమీ పెట్టను.

అక్క